అందరూ ఓడ దిగినవాళ్ళే: మారిషస్ కథ

(కాకినాడలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలకూ, పిల్లలకూ అందరికీ నమస్కారం.

మారిషస్ అనగానే ఇవాళ మనవాళ్ళకు రెండే గుర్తొస్తాయి. కొత్తగా పెళ్ళయినవాళ్ళు వెళ్ళే సముద్రతీరాలు ఒకటి, పన్ను తప్పించుకునే కంపెనీలు రెండోది. నేను మాట్లాడబోయేది మూడో మారిషస్ గురించి. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కోరంగి రేవు నుంచి మనుషులు ఓడెక్కి వెళ్ళిన మారిషస్. అక్కడ తెలుగువాళ్ళను చాలాకాలం "కోరంగీలు" అనే పిలిచారు. మన గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఊరి పేరు హిందూ మహాసముద్రం అవతల ఒక జాతికి పేరైంది. అందుకే ఈ కథ ఇక్కడ చెప్పాలనిపించింది.

ముందు ఆ దేశం ఎంతటిదో చూద్దాం. ప్రధాన ద్వీపం 1,865 చదరపు కిలోమీటర్లు. మన కాకినాడ జిల్లా కంటే చిన్నది. జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. ఆఫ్రికా తీరానికి రెండు వేల కిలోమీటర్ల దూరాన, మడగాస్కర్‌కి తూర్పున ఉంటుంది. సముద్రం అడుగున అగ్నిపర్వతం బద్దలై, సుమారు ఎనభై తొంభై లక్షల ఏళ్ళ కిందట పైకి తేలిన నేల.

ఏ దేశం చరిత్రయినా రాతి గొడ్డళ్ళతోనో, సమాధి రాళ్ళతోనో మొదలుపెడతాం. మారిషస్‌లో అవేవీ లేవు. అరబ్బు నావికులకు ఆ దీవి తెలుసు. 1502 నాటి ఒక పోర్చుగీసు పటంలో దానికి అరబ్బీ పేరే రాసి ఉంది. పోర్చుగీసువాళ్ళు మంచినీళ్ళ కోసం ఆగారు, వెళ్ళిపోయారు. కాపురం మాత్రం ఎవరూ పెట్టలేదు. 1598లో డచ్చివాళ్ళు దిగి, తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టేనాటికి అక్కడ ఒక్క మనిషి లేడు. కాబట్టి ఆ దేశంలో "మేం ఇక్కడివాళ్ళం, మీరు బయటినుంచి వచ్చారు" అనే హక్కు ఎవరికీ లేదు. యజమాని, బానిస, కూలీ, వ్యాపారి, అందరూ ఓడ దిగినవాళ్ళే. ఎవరు ఏ ఓడ దిగారు, దిగినప్పుడు వాళ్ళ పేరు ఎవరు రాసుకున్నారు, ఎలా రాసుకున్నారు అన్నదే ఆ దేశం చరిత్ర అని నా అభిప్రాయం. కాసేపు ఈ మాట మనసులో పెట్టుకుని వినండి.

మనిషి లేడు కానీ డోడో ఉంది. పావురం జాతి పక్షి. బతికున్న పక్షుల్లో దానికి అతి దగ్గర చుట్టం మన నికోబార్ దీవుల్లో తిరిగే నికోబార్ పావురమని జన్యు పరీక్షల్లో తేలింది. వేటాడే జంతువు లేని దీవి కాబట్టి ఎగరవలసిన అవసరం లేకుండా పోయింది. బరువెక్కింది, రెక్కలు కుదించుకుపోయాయి, గూడు నేలమీదే. డచ్చివాళ్ళు దాన్ని తిన్నారు, నిజమే. కానీ ఆ జాతిని తుడిచిపెట్టింది వాళ్ళ నోటికంటే వాళ్ళ ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు. నేలమీద గుడ్డు కనిపిస్తే అవి వదులుతాయా? 1662లో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక నావికుడు చూసినదే ఆఖరి డోడో అని చాలామంది పండితులు ఒప్పుకున్నారు. అంటే డచ్చివాళ్ళు అడుగుపెట్టిన అరవై నాలుగేళ్ళకు.

ఆ తర్వాత రెండు వందల ఏళ్ళపాటు అసలు అలాంటి పక్షి ఉండేదా అని అనుమానపడినవాళ్ళూ ఉన్నారు. 1865లో మాబూర్ పట్నంలో జార్జ్ క్లార్క్ అనే ఇంగ్లీషు బడిపంతులు దాని ఎముకలు కనిపెట్టాడు. ఎలా కనిపెట్టాడో ఆయనే రాశాడు. మార్ ఓ సోంజ్ అని ఒక ఊబి ఉంది, ఇప్పటి విమానాశ్రయం పక్కనే. మూడడుగుల లోతు నీళ్ళు. ఆయన కూలీలను ఆ ఊబి మధ్యలోకి దింపాడు. వాళ్ళు వట్టి కాళ్ళతో బురదలో తడుముకుంటూ వెళ్ళారు. పాదానికి గట్టిగా ఏదో తగిలింది. వంగి తీస్తే డోడో కాలి ఎముక. ఇవాళ ప్రపంచంలో పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్న డోడో ఎముకల్లో చాలా భాగం ఆ ఊబిలోవే. క్లార్క్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆ పాదాలు ఎవరివో ఎక్కడా లేదు. ఆ కూలీలు బహుశా మన దేశంనుంచి వెళ్ళినవాళ్ళే, ఎందుకంటే 1865 నాటికి ఆ దీవిలో కూలి అంటే మన దేశంవాడే.

డచ్చివాళ్ళ సంగతి త్వరగా దాటేస్తాను. 1638 నుంచి 1710 దాకా, మధ్యలో కొన్నేళ్ళు వదిలేసి, కాపురం పెట్టారు. మన తునికి చెట్టు జాతిదే ఎబొనీ చెట్టు, నల్లటి చేవ ఉంటుంది. అడవులకు అడవులు నరికి యూరపుకి పంపారు. 1639లో జావానుంచి రెండు తెచ్చారు, ఒకటి జింక, ఒకటి చెరకు. తుఫానులకు, ఎలుకలకు, కరువుకు తట్టుకోలేక వెళ్ళిపోయారు. చెరకు మాత్రం ఉండిపోయింది. తర్వాతి మూడు వందల ఏళ్ళ కథంతా ఆ గడ కథే.

1715లో ఫ్రెంచివాళ్ళు జెండా పాతారు. పేరు మార్చి ఇల్ ద ఫ్రాన్స్ అన్నారు. 1735లో వచ్చిన మాహె ద లా బూర్దొనె అనే గవర్నరే పోర్ట్ లూయీ రేవును కట్టించింది. ఈయన మనకు కొత్తవాడు కాదు. 1746లో మద్రాసు కోటను ఇంగ్లీషువాళ్ళనుంచి పట్టుకున్నది ఈయనే, ఆ దీవినుంచి నౌకలు తెచ్చి. పుదుచ్చేరినుంచి వడ్రంగులను, తాపీ పనివాళ్ళను అక్కడికి తీసుకెళ్ళాడు. అంటే కూలీల కంటే వందేళ్ళ ముందే దక్షిణాది పనివాళ్ళు ఆ ఊళ్ళో గోడలు కట్టారు.

కానీ ఆ రేవు కట్టడానికి, ఆ తోటలు వేయడానికి ఎక్కువగా చాకిరీ చేసింది బానిసలు. మడగాస్కర్‌నుంచి, మొజాంబిక్‌నుంచి, కొందరిని మన దేశంనుంచి కూడా తెచ్చారు. పద్దెనిమిదో శతాబ్దం ఆఖరుకు దీవిలో పదిమందికి ఎనిమిది మంది బానిసలు. 1723లో వచ్చిన నల్ల చట్టం ప్రకారం బానిస అంటే ఇంట్లో సామాను లాంటి ఆస్తి. పారిపోతే మొదటిసారి చెవులు కోసి వాత పెట్టాలని ఆ చట్టంలోనే ఉంది. అయినా పారిపోయారు. నైరుతి మూల సముద్రంలోకి పొడుచుకొచ్చిన లె మోర్న్ కొండమీద దాక్కున్నారు. ఆ కొండ ఇప్పుడు యునెస్కో వారసత్వ స్థలం.

ఇక్కడ ఒక విషయం పిల్లలు ప్రత్యేకంగా వినాలి. ఫ్రెంచి విప్లవం స్వేచ్ఛ, సమానత్వం అని చదువుతాం కదా. 1794లో పారిస్‌లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేశారు. దాన్ని అమలు చేయడానికి 1796లో ఇద్దరు ప్రతినిధులు పోర్ట్ లూయీలో ఓడ దిగారు. తోటల యజమానులు వాళ్ళను కొద్ది రోజుల్లోనే మళ్ళీ ఓడెక్కించి తరిమేశారు. చట్టం కాగితం మీదే ఆగిపోయింది. బానిసలకు స్వేచ్ఛ రావడానికి ఇంకో ముప్ఫై తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఎంతమంది పుట్టి, చాకిరీ చేసి, చచ్చిపోయారో ఒక్కసారి ఆలోచించండి.

1810 ఆగస్టులో గ్రాన్ పోర్ దగ్గర సముద్ర యుద్ధంలో ఫ్రెంచివాళ్ళు బ్రిటిషువాళ్ళను ఓడించారు. ఆ పేరు పారిస్ విజయ తోరణం మీద చెక్కి ఉంది. అదే ఏడాది డిసెంబరుకి బ్రిటిషువాళ్ళు దీవిని పట్టేశారు. అయితే లొంగుబాటు ఒప్పందంలో మీ భాష, మీ చట్టాలు, మీ ఆచారాలు మీకే ఉంచుతాం అని మాటిచ్చారు. అందువల్ల ఇప్పటికీ అక్కడ పార్లమెంటు ఇంగ్లీషులో నడుస్తుంది, పత్రికలు ఫ్రెంచిలో వస్తాయి, ఇంట్లో మాత్రం బానిసల నోటినుంచి పుట్టిన క్రియోల్ మాట్లాడతారు. జెండా మారినా తోటల యజమానులు మారలేదు.

1825లో ఆ దీవి చక్కెరకు బ్రిటన్ సుంకం తగ్గించింది. ఉన్న భూమంతా చెరకు కిందికి వచ్చింది. పదేళ్ళు తిరిగేసరికి, 1835 ఫిబ్రవరి 1న, బానిసత్వం రద్దయింది. సుమారు 66 వేల మందికి విముక్తి. పరిహారం ఇరవై లక్షల పౌండ్లకు పైనే ఇచ్చారు, యజమానులకు. బానిసలకు ఒక్క పైసా ఇవ్వలేదు. ఇది విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది, కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నష్టపోయినవాడు ఎవడని ఆ ప్రభుత్వం అనుకుందో ఆ ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది.

విముక్తి పొందినవాళ్ళు చెరకు తోట ముఖం చూడడానికి ఇష్టపడలేదు. మరి గడ ఎవరు నరకాలి? రద్దుకు మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తానుంచి 36 మందితో పోర్ట్ లూయీ చేరింది. చోటా నాగ్‌పూర్ వైపు కొండజాతివాళ్ళు. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు. ఈ 36 మందితో మొదలై ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ళ దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా మన దేశంనుంచి ఆ రేవులో దిగారు. ప్రపంచమంతా తిరిగిన ఒప్పంద కూలీల పద్ధతికి మారిషస్ ఒక ప్రయోగశాల. అక్కడ లాభం కనిపించాకే ట్రినిడాడ్, గయానా, ఫిజీ, నటాల్ అన్నీ అదే పద్ధతి పట్టుకున్నాయి.

ఇక కోరంగికి వద్దాం. మనవాళ్ళు ఎందుకు వెళ్ళారు? 1832, 33లో నందన కరువు. డొక్కల కరువని కూడా అంటారు, గుంటూరు సీమ సగం ఖాళీ అయిపోయిన కరువు. గోదావరి జిల్లాకు ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా రాలేదు. కాటన్ పని మొదలుపెట్టింది 1847లో. అంతదాకా ఏటా నది పక్కనుంచే పారుతున్నా పొలం ఎండేది. మాంచెస్టర్ బట్ట వచ్చి నేతగాడి మగ్గం ఆగింది. దానిమీద 1839 నవంబరులో కోరంగిని ఉప్పెన ముంచేసింది. ఓడలు కట్టిన ఊరు, మరమ్మతుకు దూరదేశాలనుంచి ఓడలు వచ్చిన ఊరు, మళ్ళీ కోలుకోలేదు. ఇంటి దగ్గర తిండి లేనప్పుడు మేస్త్రీ వచ్చి అయిదు రూపాయలు, రెండు పూటలా బియ్యం అంటే ఎవరు కాదంటారు? మోసాలు, ఎత్తుకుపోవడాలు బయటపడి 1830ల ఆఖర్లో కూలీల ఎగుమతిని నిలిపేశారు. తోటల యజమానుల ఒత్తిడికి మళ్ళీ తెరిచారు. 1843లో కోరింగ ప్యాకెట్ అనే ఓడ తెలుగువాళ్ళతో వెళ్ళింది. గంజాం, విశాఖపట్నం, రాజమండ్రి జిల్లాలవాళ్ళు ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు అక్కడికి సింహాద్రి అప్పన్ననీ, అమ్మోరునీ వెంట తీసుకెళ్ళారు. ఆ పూజలు ఇప్పటికీ జరుగుతున్నాయి.

పోర్ట్ లూయీ రేవులో ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అని పిలిచే చోట పదహారు రాతి మెట్లు ఉన్నాయి. ఓడ దిగినవాళ్ళు ఆ మెట్లెక్కి డిపోలోకి వెళ్ళాలి. అక్కడ గుమస్తా కూర్చుని ఉంటాడు. ఆ రిజిస్టర్లు మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. పేజీ ఎలా ఉంటుందో చెబుతాను. ముందు నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలో గాయాలో ఏమున్నాయో అది, జిల్లా, ఊరు, ఓడ పేరు, ఏ ఎస్టేటుకు పంపారో అది. కొన్నేళ్ళ తర్వాత ఫొటోలు కూడా తీశారు. ఆ మనిషి ఆ దీవిలో ఉన్నంతకాలం ఆ నంబరే అతను. ఇంటిపేరు అడిగే అలవాటు గుమస్తాకు లేదు. సన్యాసి, అప్పడు, రాములు అని ఏది వినపడితే అది ఇంగ్లీషులో రాసుకున్నాడు. ముత్తాత ఒంటిపేరే మనవల ఇంటిపేరైపోయింది.

తోటలో బతుకు ఎలా ఉండేదంటే, ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోసేవారు. జ్వరమొచ్చినా అంతే. ఒప్పందం ముగిసినవాడు ఖాళీగా బయట తిరిగితే దేశదిమ్మరి అని జైల్లో వేసేవారు. 1867 చట్టం ప్రకారం పాత కూలీ ఫొటో అతికించిన టిక్కెట్టు జేబులో పెట్టుకు తిరగాలి. ఒక జిల్లానుంచి ఇంకో జిల్లాకు వెళ్ళాలంటే పోలీసు దగ్గర కాగితం తీసుకోవాలి. అదే ఏడాది మలేరియా విజృంభించి వేలాదిమంది పోయారు. పోర్ట్ లూయీ బస్తీలే ఎక్కువ నష్టపోయాయి. డబ్బున్నవాళ్ళు మెట్ట ప్రాంతాలకు మకాం మార్చేశారు.

ఈ పరిస్థితిలో ఒక మనిషి వచ్చాడు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్. పారిస్‌లో పుట్టిన జర్మన్ వంశీకుడు, మామగారి చిన్న తోట చూసుకునేవాడు. యజమానుల వర్గంవాడే. 1871లో పాత కూలీల తరఫున గవర్నరుకు ఒక అర్జీ తయారు చేశాడు. రాజరత్నం మొదలియారు అనే ఆయన దానికి సాయపడ్డాడు. ఊరూరా తిరిగి 9,401 మంది చేత ఆమోదం వేయించారు. చదువు రాని కూలీ, దొర చూస్తే ఏమవుతుందో తెలిసి కూడా, ఆ కాగితం మీద తన గుర్తు పెట్టాడు. అది చిన్న ధైర్యమా? తోటల యజమానులు మండిపడ్డారు. ద ప్లెవిట్జ్‌ను దీవినుంచి వెళ్ళగొట్టాలని సంతకాలు సేకరించారు, పట్నం నడివీధిలో ఆయనమీద చేయి చేసుకున్నారు. కానీ లండన్‌నుంచి 1872లో రాయల్ కమిషన్ వచ్చింది, విచారించింది, అర్జీలో రాసినవి నిజమే అని తేల్చింది. 1878లో కూలీ చట్టం మారింది. నా లెక్కలో మారిషస్ ప్రజాస్వామ్యం పుట్టింది ఈ అర్జీతోనే.

1880ల నుంచి చక్కెర ధర పడిపోయి, యజమానులు ఎస్టేటు అంచుల్లోని రాళ్ళ భూముల్ని ముక్కలుగా అమ్మారు. కూలీలు పైసా పైసా కూడబెట్టి కొన్నారు. రాళ్ళు ఏరి కుప్పలు పోశారు. ఆ నల్లరాళ్ళ కుప్పలు ఇప్పటికీ చెరకు పొలాల మధ్య కనిపిస్తాయి. 1920ల నాటికి చెరకు భూమిలో మూడోవంతుకు పైగా భారతీయ సంతతి చేతికి వచ్చింది. 1901లో దక్షిణాఫ్రికానుంచి తిరిగొస్తూ గాంధీగారు అక్కడ మూడు వారాలు ఆగారు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని చెప్పారు. ఆయన ప్రోద్బలంతో 1907లో మణిలాల్ డాక్టర్ అనే బారిస్టరు వెళ్ళి, కూలీల తరఫున కోర్టుల్లో వాదించాడు.

1936లో మోరిస్ క్యూరే అనే క్రియోల్ (ఆఫ్రికా మూలాలున్న మిశ్రమ సంతతి) డాక్టరు లేబర్ పార్టీ పెట్టాడు. మరుసటి ఏడాదే ఊబా అనే రకం చెరకుకు ధర తగ్గించినందుకు చిన్న రైతులు తిరగబడ్డారు, కాల్పులు జరిగాయి. 1943 సెప్టెంబరు 27న బెల్ వూ హారెల్ ఎస్టేటులో సమ్మె చేస్తున్న కూలీలమీద పోలీసులు కాల్చారు. చనిపోయినవాళ్ళలో అంజలై కూపెన్ అనే గర్భిణీ ఉంది, ముప్ఫై రెండేళ్ళ మనిషి. అక్కడి స్టేడియానికి ఇప్పుడు ఆమె పేరే. ఒకప్పుడు నంబరుగా దిగిన జాతికి చెందిన ఒక కూలి మనిషి పేరు స్టేడియం గుమ్మం మీద ఉంది.

ఇప్పుడు నేను ఈ ప్రసంగంలో అన్నిటికంటే ముఖ్యమనుకునే ఘట్టం. అప్పటిదాకా ఓటు ఆస్తి ఉన్నవాడికే. 1947లో కొత్త రాజ్యాంగం వచ్చింది. చదవడం, చిన్న చిన్న వాక్యాలు రాయడం, సంతకం పెట్టడం వచ్చిన వయోజనులెవరికైనా, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ, ఓటు. ఏ భాషలో? ఇంగ్లీషు, ఫ్రెంచి మాత్రమే కాదు, హిందుస్తానీ, తమిళం, తెలుగు, ఉర్దూ, గుజరాతీ, చైనీస్, క్రియోల్, ఏదైనా సరే. చట్టంలో తెలుగు పేరు ఉంది. సంఘ సంస్కర్త బసుదేవ్ బిసున్‌దయాల్, ఆయన అనుచరులు పల్లెపల్లెలో రాత్రి బడులు నడిపారు. బైఠకా అంటారు. పగలంతా కత్తి పట్టిన చెయ్యి రాత్రి బలపం పట్టింది. ఓటర్ల సంఖ్య సుమారు 12 వేలనుంచి 72 వేలకు చేరింది. 1948 ఎన్నికల్లో 19 స్థానాల్లో తోటల యజమానుల వర్గానికి దక్కింది ఒక్కటే. ఒక్క బలపం ముక్కతో రెండు వందల ఏళ్ళ పెత్తనం తలకిందులైంది. అక్షరం వల్ల రాజ్యం మారిందని మనం సభల్లో అంటూ ఉంటాం. అది అచ్చంగా జరిగిన చోటు చూపించమంటే నేను ఇదే చూపిస్తాను.

1959లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. కూలీ కొడుకు శివసాగర్ రాంగులామ్ లండన్‌లో డాక్టరు చదివి వచ్చి నాయకుడయ్యాడు. స్వాతంత్ర్యం కావాలని అందరూ కోరుకోలేదు. 1967 ఎన్నికల్లో 44 శాతం వద్దన్నారు. భారతీయ సంతతి రాజ్యం అయిపోతుందని మిగతావాళ్ళ భయం. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో మతకలహాలు, బ్రిటిష్ సైన్యాన్ని దింపారు. మార్చి 12న జెండా ఎగిరింది.

ఆ జెండాకు ఒక వెల కట్టించుకున్నారు. చాగోస్ దీవులు. మారిషస్‌తో కలిసి ఉన్న ఆ దీవుల్లో దియేగో గార్సియా అనే చోట అమెరికాకు సైనిక స్థావరం కావాలి. 1965లో లండన్‌లో చర్చలప్పుడు రాంగులామ్‌ను ఆశ చూపించి భయపెట్టాలని బ్రిటన్ ప్రధాని విల్సన్ కోసం అధికారులు రాసిన నోటు తర్వాత బయటపడింది. ముప్ఫై లక్షల పౌండ్లిచ్చి దీవుల్ని విడగొట్టేశారు. అక్కడ కొబ్బరి తోటల్లో తరతరాలుగా ఉన్నవాళ్ళు పదిహేను వందలనుంచి రెండు వేల మంది. బానిసల వారసులు. వీళ్ళు స్థిరనివాసులు కాదు, వచ్చిపోయే కూలీలే అని ఐక్యరాజ్యసమితికి చెప్పాలని కాగితాలు తయారు చేశారు. చూశారా, మళ్ళీ అదే. మనిషి అక్కడే ఉన్నాడు, కాగితంలో లేడు. ముందు వాళ్ళ పెంపుడు కుక్కల్ని పట్టి, గదిలో మూసి పొగబెట్టి చంపారు. తర్వాత 1973 లోపు మనుషుల్ని ఓడల్లో ఎక్కించి పోర్ట్ లూయీలో, సీషెల్స్‌లో దింపి వదిలేశారు.

ఆ దీవివాసులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, వదల్లేదు. నిరాహార దీక్షలు చేశారు, లండన్ కోర్టుల మెట్లెక్కారు. 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విభజన చెల్లదని అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ ఒప్పందం ప్రకారం చాగోస్ మీద సార్వభౌమత్వం మారిషస్‌ది, దియేగో గార్సియా మాత్రం 99 ఏళ్ళ కౌలుకి బ్రిటన్ చేతిలో. మా ఊరి గురించి మాట్లాడుతూ మమ్మల్ని అడగలేదేం అని చాగోస్‌వాళ్ళలో చాలామంది కోపంగా ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదని నేను అనుకుంటాను. 1965లో అడగలేదు, అరవై ఏళ్ళ తర్వాత కూడా సరిగా అడగలేదు.

స్వాతంత్ర్యం నాటికి ఆ దేశం నిలబడుతుందని పండితులెవరూ అనుకోలేదు. తర్వాత నోబెల్ అందుకున్న జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త 1961లో, జనం ఎక్కువ, పంట ఒక్కటే, జాతులు అనేకం, శాంతిగా ఎదిగే అవకాశం తక్కువ అని రాశాడు. ఆయన అంచనా తప్పింది. ఎందుకు తప్పింది? చక్కెరకు యూరపు గిట్టుబాటు ధర ఖాయం చేసింది. 1970లో ఎగుమతి మండలాల చట్టం తెచ్చి బట్టల ఫ్యాక్టరీలు పెట్టించారు, వేలాది ఆడవాళ్ళు మొదటిసారి జీతం అందుకున్నారు. 1975 మేలో విద్యార్థులు పోర్ట్ లూయీ వంతెనమీద ఊరేగింపు తీశాక హైస్కూలు చదువు ఉచితమైంది. సైన్యం పెట్టుకోలేదు, ఆ డబ్బు బడికీ ఆసుపత్రికీ పెట్టారు. 1982లో ప్రతిపక్షం ప్రధాన ద్వీపంలోని అరవై స్థానాలూ గెలిస్తే, స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీ మారుమాట లేకుండా గద్దె దిగింది. 1992లో గణతంత్రమైంది. 2024 నవంబరులోనూ అధికార కూటమి ఊడ్చుకుపోయింది, ప్రధాని ఓటమి ఒప్పుకుని తప్పుకున్నాడు.

అంతా బాగుందని చెప్పను. 1999 ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు నిర్బంధంలో చనిపోతే దేశం మండిపోయింది. బానిసల వారసులు ఇప్పటికీ వెనకబడే ఉన్నారు. కూలీల వారసులు భూమి కొనుక్కోగలిగారు, బానిసల వారసుల చేతికి అది రాలేదు. 2009లో సత్యం, న్యాయం పేరుతో కమిషన్ వేసి విచారించారు, సిఫార్సులు చాలావరకు కాగితంమీదే ఉన్నాయి. మన దేశంతో కుదిరి 1983లో అమల్లోకి వచ్చిన పన్ను ఒప్పందం వాళ్ళకు బ్యాంకులు తెచ్చింది, మనకు రావలసిన పన్ను పోగొట్టింది. 2016లో దాన్ని సవరించారు. పందొమ్మిదో శతాబ్దంలో రెండు వందల యాభై దాటిన చక్కెర మిల్లులు ఇప్పుడు మూడు. 2020 జులైలో వకాషియో అనే ఓడ పగడపు దిబ్బమీదికెక్కి వెయ్యి టన్నుల నూనె కారితే, జనం ఎవరి ఆజ్ఞకూ ఆగకుండా చెరకు ఆకు గుడ్డ సంచుల్లో కూరి, కత్తిరించిన జుట్టు పోగుచేసి, సముద్రంలో నూనెకు అడ్డుకట్ట కట్టారు.

మరి మన తెలుగు? ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. బడుల్లో తెలుగు నేర్పుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ రామ భజనం పాడతారు. అయితే ఇళ్ళలో మాటలు మాత్రం క్రియోల్‌లోనే. పాడే పాట అర్థం చాలామందికి తెలియదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు గిట్టదు. అర్థం తెలియకుండా అయిదారు తరాలు ఒక పాటను మోసుకొచ్చారంటే, వాళ్ళు దాన్ని ఎంత గట్టిగా పట్టుకుని ఉండాలి!

చివరగా ఒక పని అప్పగిస్తాను. మారిషస్‌నుంచి మనవాళ్ళ మనవలు పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. చేతిలో మోకా రిజిస్టరు నకలు ఉంటుంది. అందులో జిల్లా రాజమండ్రి అనో విశాఖపట్నం అనో ఉంటుంది, ఊరి పేరు గుమస్తా చెవికి వినపడినట్టు వంకరగా ఉంటుంది. ఇంటిపేరు ఉండదు. గూగుల్‌లో అది దొరకదు. పాత శివారు పల్లెల పేర్లు, ఉప్పెనలో పోయిన ఊళ్ళ పేర్లు, దేవుడిమాన్యం కాగితాలు తెలిసిన పెద్దలకే అది తెలుస్తుంది. కోరంగి, తాళ్ళరేవు, యానాం, పిఠాపురం వైపు పెద్దలు ఈ సభలో ఉన్నారు. "మా తాత తమ్ముడు మరిచి దీవికి పోయాడు" అనే మాట ఎవరింట్లోనైనా ఉంటే, ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటిపేరు ఒక కాగితం మీద రాసి గ్రంథాలయంలో ఇవ్వండి. వచ్చే ఆదివారంనుంచి ఇక్కడ అందుకని ఒక పుస్తకం ఉంటుంది.

ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరసలో పిల్లలు ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఉన్నారు, ముందు వాళ్ళు.